జోడీ మారే చోటు

తిసాహాలాస్,
8 ఫిబ్రవరి 1998

ఒరేయ్ లోరాంత్,

నువ్వు, నీ భార్య, పిల్లలు బాగుంటే సంతోషం. నేను బాగా లేను. కారణం నువ్వు పంపిన పార్సిల్.

పోస్టుమాన్ దాన్ని తిన్నగా కళాభవనానికే తెచ్చాడు. గురువారం సాధన మొదలయ్యే వేళ. మా నృత్యబృందం అంతా అక్కడే ఉంది. మా తమ్ముడు ఐర్లండ్ నుంచి పంపాడని గొప్పలు పోయి అందరి ముందూ విప్పాను. లోపల ఏమున్నాయి? విగ్గులు! ఉంగరాల జుట్టు ఎర్ర విగ్గులు, ఒక్కోటి గొర్రెపిల్లంత. మా ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రోజాలియా ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఇదెవరి జుట్టు ఎతెల్కా? పోయినోళ్లదా?" అంది. "మన నెత్తిన జుట్టు లేదని నీ మరదలికి ఎవరు చెప్పారు?" అని ఇంకొకామె. నాకు తల కొట్టేసినట్టయింది. నా కోడలు ఎమెషే ఒక్కతే నవ్వింది. అది నవ్వి చాలా కాలమైంది కాబట్టి, అంతవరకు నీ భార్యకి నా కృతజ్ఞతలు చెప్పు.

ఆ పార్సిల్లోనే నీ భార్య డాన్సు బడి అమ్మాయిల ఫొటో ఉంది. అందరిదీ ఒకే జుట్టు, ఒకే మొహం, ఒకే గౌను. వాళ్ల చేతులకేమైందిరా? కాళ్లేమో గాల్లో ఉన్నాయి, చేతులు మాత్రం పక్కలకి అతికించినట్టున్నాయి. డాన్సు చేసేటప్పుడు మనిషికి చేతులు అక్కర్లేదా? మరి ఎదుటి మనిషిని దేనితో పట్టుకుంటారు?

బేస్ ఫిడేలు మోసుకుని బ్యాండుతో టూరుకని వెళ్లి, ఆ డాన్సు టీచరమ్మ ఫిడెల్మాని చేసుకుని, పందొమ్మిదేళ్లుగా అక్కడే ఉండిపోయావు. పోనీలే అనుకున్నాం. ఇప్పుడు వాళ్ల డాన్సూ మన జంట డాన్సు చార్దాషూ కలిపి ఒకే వేదిక మీద ఆడిద్దామని మొదలుపెట్టింది నువ్వే. జూన్‌లో నీరెజ్‌హాజా నాటకశాల ఖాయం చేసిందీ నువ్వే. కాబట్టి ఇవన్నీ నీ నెత్తినే రుద్దుతాను. జవాబు రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫిడెల్మా పక్కనుంటే నువ్వు ఫోన్లో మా తమ్ముడిలా మాట్లాడవు, టికెట్లు అమ్మేవాడిలా మాట్లాడతావు.

విగ్గులు బీరువాలో పెట్టాను. పురుగు పడితే నాకు సంబంధం లేదు.

చిర్రెత్తి ఉన్న మీ అక్క,
ఎతెల్కా

*

ఎన్నిస్,
24 ఫిబ్రవరి

బంగారంలాంటి మా అక్కకి,

ముందు ఆ కోపం కాస్త దించు. విగ్గులు అవమానం కాదక్కా, అభిమానం. ఇక్కడ పోటీకి ఏడేళ్ల పిల్ల కూడా విగ్గు లేకుండా స్టేజీ ఎక్కదు. కాలు ఎగిరినప్పుడల్లా ఆ ఉంగరాలు కూడా ఎగరాలి, అదీ అందం. ఫిడెల్మా తన బడిలో ఉన్నవాటిలో మంచివి ఏరి పంపింది. మీరు చాలా ముచ్చటపడ్డారని చెప్పాను. పొంగిపోయింది.

చేతుల సంగతి అడగకు. నేనూ పెళ్లయిన కొత్తలో అడిగాను. తలుపు సందులోంచి చూసేవాళ్లకి డాన్సు చేస్తున్నట్టు తెలియకూడదని కొందరంటారు, చర్చి ఫాదర్లు తిట్టేవారని కొందరంటారు. ఫిడెల్మానడిగితే "చేతులు కదిపితే కాళ్లనెవరు చూస్తారు?" అంటుంది. నేను నోరు మూసుకున్నాను. సంసారం సాగుతోంది.

ఇక్కడ రెండు వారాలుగా ఒకటే వాన. బేస్ ఫిడేలు చెమ్మకి ఉబ్బి, ఎంత బిగించినా శ్రుతి నిలవడం లేదు. పెద్దపిల్ల ఊనాకి జూన్‌లో బడి చివరి పరీక్షలు. పుస్తకం మీద కన్నా అద్దం ముందే ఎక్కువసేపు ఉంటోంది.

అసలు సంగతి. మీరు పంపిన వీడియో చూసి ఫిడెల్మా కళ్లనీళ్లు పెట్టుకుంది. మీ జంటలంటే ప్రాణం పెట్టేసింది. చివరి అంకం ఇలా అనుకుంటోంది: మీ జంటలు నెమ్మది చార్దాష్ ఆడతాయి. జోరు చార్దాష్ అందుకోగానే మీ మగవాళ్లు తమ ఆడవాళ్లని వదిలి ఇటు మా అమ్మాయిల దగ్గరికి వస్తారు. మీ ఆడవాళ్లు కాసేపు పక్కన చప్పట్లు కొట్టి, తర్వాత మా అబ్బాయిలతో కలుస్తారు. రెండు దేశాలు చెయ్యీ చెయ్యీ కలిపినట్టన్నమాట! ఇక్కడ గుంపు డాన్సుల్లో వరస పూర్తయినప్పుడల్లా జోడీ మారుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. మన సిలార్డ్ అందరికన్నా బాగా ఆడతాడని వాణ్ణి ముందు నిలబెడుతోంది. మొట్టమొదట ఎమెషేని వదిలి ఇటు వచ్చేది వాడే. మేనల్లుడికి దక్కిన గౌరవం చూశావా?

ప్రేమతో,
లోరీ

*

తిసాహాలాస్,
9 మార్చి

లోరాంత్,

నీకు మతి పోయిందా? నువ్వసలు ఈ ఊళ్లో పుట్టినవాడివేనా?

నెమ్మది చార్దాష్‌కి చెయ్యి పట్టుకున్నవాడు జోరు చార్దాష్ ముగిసేదాకా పట్టుకునే ఉండాలి. మధ్యలో ఇంకొకడు వచ్చి మర్యాదగా వంగి అడిగితే ఇవ్వచ్చు, అది వేరు. తనంతట తాను చెయ్యి వదిలేసి నడిచిపోతే? నీతో నాకిక పని లేదని ఊరందరి ముందూ చెప్పినట్టు. అన్నీ మర్చిపోయావా? ద్రాక్షకోతల పండగ డాన్సులో మిల్లువాడి కొడుకు మార్గిత్‌ని అలా నట్టనడుమ వదిలేసి పోతే, ఆ పిల్ల ఆ చలికాలమంతా గడప దాటలేదు. ఇప్పుడు మా ఆడవాళ్లు మొగుళ్లు వదిలేస్తే గోడపక్కన నిలబడి చప్పట్లు కూడా కొట్టాలా? ఈ మాట రోజాలియాతో అన్నాననుకో, బూటు తీసి నా మీదికి విసురుతుంది.

ఇంకో సంగతి. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పడం లేదు. నీ భార్యకి అసలు చెప్పొద్దు, పరువు పోతుంది. సిలార్డ్, ఎమెషే ఇంట్లో మాట్లాడుకోవడం లేదు. చలికాలం ముందు నుంచీ ఇదే వరస. ఎందుకని వాణ్ణి అడిగితే "ఏం లేదమ్మా" అంటాడు. దాన్ని అడిగితే "ఏం లేదత్తమ్మా" అంటుంది. ఏమీ లేని ఇల్లు ఇలాగే ఉంటుందా? వాడు పని నుంచి వచ్చి సూపు తాగి టీవీ ముందు కూర్చుంటాడు. అది గిన్నెలు కడుక్కుని గదిలోకి పోతుంది. గురువారం సాధనలో మాత్రం వాడు దాని నడుం మీద చెయ్యి వేస్తాడు, అది వాడి భుజం పట్టుకుంటుంది. అప్పుడు చూడాలిరా వాళ్లని. ఒకళ్ల ఊపిరి ఒకళ్లకి తెలిసినట్టు తిరుగుతారు. ఇప్పుడు వాళ్లు భార్యాభర్తలుగా మిగిలింది ఆ ఒక్క చోటే.

నేను నీ ప్రదర్శనకి తల ఊపింది అందుకే. ఐర్లండ్ మీద మోజుతో కాదు. జూన్ దాకా సాధన పేరుతో వారం వారం చేతులు పట్టుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు నోళ్లు కూడా తెరుచుకుంటాయని నా ఆశ. నువ్వేమో సరిగ్గా అక్కడే వాళ్లని విడదీస్తానంటున్నావు. పైగా గౌరవమట!

జోడీ మార్చడానికి వీల్లేదు. ఫిడెల్మాకి చెప్పు.

ఎతెల్కా

*

ఎన్నిస్,
30 మార్చి

అక్కా,

నీ ఉత్తరం చదివి మనసు పాడైంది. పాపం, ఆ పిల్లలు. నువ్వేమీ దిగులు పెట్టుకోకు. జోడీల సంగతి ఫిడెల్మాతో మాట్లాడాను. అంతా సర్దుకుంటుంది, నాకొదిలెయ్.

ఒక్క చిన్న విషయం. తను పాటలన్నీ టేపులో ఎక్కించింది. మీరు దానికే సాధన చేస్తే ఇక్కడా అక్కడా వేగం ఒకటే ఉంటుందని తన ఉద్దేశం. త్వరలో మావాళ్ల సాధన కూడా వీడియో తీసి పంపిస్తుందట. చూసి ఆనందించండి.

ఆల్‌బుఖారా పండ్ల జామ్ అయిపోయింది, వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఒక సీసా పంపవూ?

నీ లోరీ

*

తిసాహాలాస్,
20 ఏప్రిల్

లోరాంత్,

జామ్ పంపను. ఎందుకో చదువు.

మొదట టేపు. మన ఫిడేలు పెద్దాయనకి వినిపించాను. కాసేపు విని, టోపీ పెట్టుకుని లేచాడు. "నేను ఆడేవాళ్ల కాళ్లు చూసి వాయిస్తానమ్మా. ఈ పెట్టెకి కళ్లున్నాయా?" అన్నాడు. బతిమాలి కూర్చోబెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆయనే వాయిస్తాడు. నీ టేపు వద్దు.

తర్వాత ఈస్టర్. సోమవారం నాడు మన మగవాళ్ల ఆనవాయితీ ప్రకారం సిలార్డ్ తెల్లారగానే సెంటు సీసా జేబులో పెట్టుకుని ఊళ్లో ఆడవాళ్లందరి మీదా చల్లడానికి బయలుదేరాడు. అక్కచెల్లెళ్ల వరస వాళ్లు, స్నేహితుల భార్యలు, ఆఖరికి ఎనభై దాటిన బోరీష్ మామ్మ మీద కూడా చల్లి వచ్చాడు. కట్టుకున్నదాని మీద ఒక్క చుక్క చల్లలేదు. ఎమెషే రంగు గుడ్లు బల్ల మీద పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎవరైనా చల్లితేనే కదా గుడ్డు ఇవ్వాలి? ఆ తర్వాత గుడ్లన్నీ పక్కింటి పిల్లలకి పంచేసింది. నేను వాణ్ణి వంటింట్లోకి లాగి, "దాని మీద చల్లకుండా ఎలా వచ్చావురా?" అన్నాను. "మర్చిపోయానమ్మా" అన్నాడు. లోరాంత్, కోపంతో చెయ్యకపోతే నాకింత బాధ ఉండేది కాదు. వాడు నిజంగానే మర్చిపోయాడు.

ఇది జరిగిన మూడో రోజు నీ భార్య వీడియో వచ్చింది. నీ మాట నమ్మాను కదా, బృందం అందరినీ పిలిచి పెట్టాను. కాళ్ల టకటకలన్నీ బాగున్నాయి, ఒప్పుకుంటాను. చివర్లో ఏముంది? ఒక అబ్బాయి సిలార్డ్ పేరు అట్టముక్క మీద రాసుకుని మెడలో వేసుకున్నాడు. ఒక పిల్ల మెడలో ఎమెషే పేరు. వాడు ఆ పిల్లని వదిలేసి ఎగురుకుంటూ వేరే పిల్ల దగ్గరికి పోయాడు. ఎమెషే పేరున్న పిల్ల పళ్లికిలించి చప్పట్లు కొట్టింది!

సిలార్డ్ నేల చూస్తున్నాడు. ఎమెషే లేచి, "నేను ఏ పక్క నిలబడాలి అత్తమ్మా? కుడి గోడకా, ఎడమ గోడకా?" అంది.

సర్దుకుంటుంది, నాకొదిలెయ్ అన్నావు. ఏం సర్దావురా?

ఎతెల్కా

*

ఎన్నిస్,
11 మే

అక్కా,

అవును. ఫిడెల్మాతో మాట్లాడలేదు. మాట్లాడానని అబద్ధం రాశాను. ఇంకా తిట్టాలంటే తిట్టు, కానీ ముందు నా గోడు విను.

కారణం చెప్పొద్దని నువ్వే ఒట్టు పెట్టినంత పని చేశావు. కారణం చెప్పకుండా ఫిడెల్మాని ఒప్పించడం మీ ఇంట్లో కూర్చుని అనుకున్నంత సులువు కాదు. ఎందుకు మార్చాలి అంటుంది. మా ఊరి పద్ధతి అంటాను. పద్ధతులు కలపడానికే కదా ఈ ప్రదర్శన, ఎవరి పద్ధతి వాళ్లు ఆడుకుంటే ఒకే హాల్లో రెండు పెళ్లిళ్లు చేసినట్టుంటుంది అంటుంది. ఆ మాటా నిజమే. నేనేం చెప్పను? నీ దగ్గర ఆవిణ్ణి, ఆవిడ దగ్గర నిన్నూ వెనకేసుకొచ్చి మధ్యలో నలిగిపోతున్నాను.

ఎలాగూ దొరికిపోయాను కాబట్టి మిగతావీ వినెయ్. మీ వీడియో చూసి ఫిడెల్మా కళ్లనీళ్లు పెట్టుకోలేదు. నెమ్మది చార్దాష్ సగంలో నిద్రపోయింది. జోడీలు మార్చడానికి నువ్వు సంతోషంగా ఒప్పుకున్నావని నేనే చెప్పాను. మీ ఆడవాళ్లు విగ్గులు పెట్టుకునే సాధన చేస్తున్నారని కూడా చెప్పాను. మొన్న ఆవిడ "మీ అక్కకి ఇంకా ఎర్రటివి కావాలా?" అని అడిగింది.

అసలు నిజం చెప్పెయ్యనా, అక్కా? ఒక్క మాట, పిల్లల మధ్య పొసగడం లేదని. ఫిడెల్మా చెడ్డది కాదు, వినే మనిషే. నువ్వు ఊ అంటే చాలు.

ఇంకోటి. నేను రావడం లేదు. ఊనా పరీక్షలు సరిగ్గా అప్పుడే, ఇంట్లో ఒకరు ఉండాలి. ఫిడెల్మా పిల్లల్ని తీసుకుని ఒక్కతే వస్తుంది. తనకి మన భాషలో వచ్చినవి అవును, కాదు, ఉప్పు. దుబాసీ లేడు. మీరూ మీరూ చూసుకోండి.

లోరీ

*

తిసాహాలాస్,
30 మే

లోరాంత్,

ఊ అనను. నా ఇంటి సంగతి నీ భార్య నోట్లోంచి ఆ పిల్లల చెవుల్లో, అక్కణ్ణించి నాటకశాలలో పడాలా?

ఎమెషే తను ఆడనంది. చేతులు పట్టుకుని బతిమాలాను. నువ్వు మానేస్తే మీరిద్దరూ ఒకరినొకరు తాకే పనే ఉండదే అన్నాను. "సరే అత్తమ్మా, ఈ ఒక్కటీ ఆడతాను" అంది. ఈ ఒక్కటీ అనడం నాకు నచ్చలేదు, కానీ ఒప్పుకుంది కదా, అదే చాలు.

నీ భార్యని రానీ. నేనే చెప్తాను.

ఎతెల్కా

*

తిసాహాలాస్,
29 జూన్

తమ్ముడూ,

ప్రదర్శన ఎలా జరిగిందని నువ్వు ఫోన్ చేసి అడిగితే ఫిడెల్మా "బ్రహ్మాండం" అని పెట్టేసిందట. ఆవిడకి అంతకన్నా తెలుసు. ఫోన్లో చెప్పే సంగతి కాదని ఊరుకుంది. నేను చెప్తాను.

నువ్వు రాకపోవడమే మేలైంది. నాటకశాలలో మొదటి సాధన రోజున, జోడీ మారే చోటు రాగానే నేను చెయ్యెత్తి వాద్యాలు ఆపించాను. ఫిడెల్మా నడుం మీద చేతులు పెట్టుకుని ఏదో అంది. నేనూ అన్నాను. ఆవిడ ఇంకాస్త గట్టిగా అంది. నేను ఇంకా గట్టిగా అన్నాను. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి విసిగిపోయి, వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని, ఫిడేలు పెద్దాయన్ని నెమ్మది చార్దాష్ వాయించమన్నాను. మొదట కర్రలా బిగుసుకుంది. కాసేపటికి భుజాలు దిగాయి. బాగానే ఆడింది. తనకి హాయిగా ఉందని నా చేతులకి తెలిసింది. సరిగ్గా అప్పుడు, అందరూ చూస్తుండగా, చేతులు వదిలేసి, వెనక్కి తిరగకుండా నడుచుకుంటూ పోయి రోజాలియాతో ఆడడం మొదలెట్టాను.

నీ భార్య నట్టనడుమ నిలబడిపోయింది. చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. మొహం ఎర్రబడింది. వాళ్ల పిల్లలెవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నన్ను చూసింది, తర్వాత ఎమెషేని, అక్కణ్ణించి సిలార్డ్‌ని. ఆ చూపు చూస్తే నాకే భయమేసింది. కాగితం తీసి చివరి అంకం మొత్తం కొట్టేసి, తన పిల్లల్ని పిలిచింది. మా జంటలు జంటలుగానే ఉంటాయి, వాళ్ల పిల్లలు ఒక్కొక్కరే వాటి మధ్యలోంచి టకటకమంటూ అల్లుకుంటూ పోతారు. ఆ రాత్రికి ఆ రాత్రే కొత్త అడుగులు నేర్పింది. అంత మొండిమనిషి నాకెదురుపడి చాలా కాలమైంది. నాకు నచ్చింది.

ప్రదర్శన రోజు హాలు నిండింది. విగ్గులు మేము పెట్టుకోలేదు. సిలార్డ్, ఎమెషే ముందు జంట. వాళ్లంత బాగా ఆడడం నేనెప్పుడూ చూడలేదురా. ఆ పిల్లలు గుంపుగా మధ్యలోంచి దూసుకుపోతున్నా వీళ్లు చెయ్యి వదల్లేదు. జోరు చార్దాష్ చివర్లో జనం లేచి నిలబడ్డారు. తెర పక్కన నేను ఏడ్చేశాను, గెలిచాననుకున్నాను. పాట ఆగాక సిలార్డ్ పద్ధతిగా వంగి కృతజ్ఞత చెప్పాడు, ఎమెషే తల వంచింది.

బట్టలు మార్చుకునే గదిలో అది బూట్లు విప్పి పక్కపక్కన పెట్టింది. "నేను వెళ్లిపోతున్నాను అత్తమ్మా" అంది. ఎక్కడికే అన్నాను. "ఆయన చెడ్డవాడు కాదు. కానీ డాన్సులో తప్ప ఎక్కడా నాతో లేడు. ఆరేళ్లు చూశాను. మధ్యలో వదిలి పోవడం మర్యాద కాదని మీరే నేర్పారు, అందుకే చివరిదాకా ఆడాను. ఇప్పుడు ఆట అయిపోయింది కదా" అంది.

ఇన్ని నెలలూ నా కొడుకు దాని చెయ్యి వదలకుండా నేను కాపలా కాశాను. వదిలేది అదేనని నాకు తట్టనే లేదు. అరిచాను. నీ భార్యని తిట్టాను, నిన్ను తిట్టాను, అక్కడ లేనివాళ్లందరినీ తిట్టాను. అది నా శాలువా సర్దింది. సిలార్డ్‌కి చెప్తే, "అలాగా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఎమెషే మీద కోపం పోయింది. వాడు నా కొడుకు, వాడికి రేపూ సూపు నేనే పెడతాను. కానీ ఆ మాటకి వాణ్ణి క్షమించలేను.

మూడు నెలలు వచ్చి తన బడి పిల్లలకి జంట డాన్సు నేర్పమని ఫిడెల్మా అడిగిందట. ఎలా అడిగిందో, ఇది ఎలా ఒప్పుకుందో నాకు తెలీదు. ఇద్దరి మధ్యా ఉన్నవి మూడు మాటలు. కాబట్టి ఈ ఉత్తరం నీకు పోస్టులో రాలేదు. నీ చేతికిచ్చిన మనిషి ఇప్పుడు నీ వంటింట్లో నిలబడి ఉంటుంది. చదువుతూ దాన్ని అలాగే నిలబెట్టావేమో, ముందు కూర్చోబెట్టు. దారిలో ఏమీ తిని ఉండదు, దానికి మొహమాటం ఎక్కువ. ఏమైందని అడక్కు. ఎప్పటికి తిరిగొస్తావని అసలు అడక్కు. దాని సంచిలో నీకు జామ్ ఉంది.

ఊళ్లోవాళ్లు నన్ను అడుగుతున్నారు, కొడుకు వైపా కోడలి వైపా అని. గురువారం సాధన ఉంది, రండి అని చెప్తున్నాను. సిలార్డ్ వస్తాడు, గోడకి ఆనుకుని కూర్చుంటాడు. జోడీ లేదు.

ఈ చివరి ముక్క బస్సు పక్కన నిలబడి రాస్తున్నాను: ఎమెషే ఈ ఉత్తరం కోసం కిటికీలోంచి చెయ్యి చాపి "వెళ్లొస్తా అత్తమ్మా" అంది. నేనిక దానికి అత్తమ్మనో కాదో నాకు తెలీదు. పలికాను.

మీ అక్క,
ఎతెల్కా